శిక్షణ డబ్బు సిబ్బందికా, కార్యవర్గానికా?

హనుమకొండ వాసి:
ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో పిల్లల చదువు, స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థతో నాకు సంబంధం ఉంది. సిబ్బంది 14 మంది, కార్యవర్గ సభ్యులు 9 మంది. మన దేశానికే చెందిన ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల నుండి శిక్షణ కోసం 2 లక్షల రూపాయలు ఇచ్చింది. ఆరుగురు క్షేత్ర సిబ్బందిని హైదరాబాద్‌లో వారం రోజుల శిక్షణకు పంపాలని కొందరు, కార్యవర్గానికి హనుమకొండలోనే చట్టాలు, లెక్కల మీద రెండు రోజుల తరగతులు పెట్టాలని కొందరు అంటున్నారు. గత సమావేశం ఈ ఒక్క అంశం మీదే తెగకుండా ముగిసింది. మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.

జమాఖర్చు:
నిస్సందేహంగా కార్యవర్గానికే. రిజిస్ట్రార్ ముందైనా, ఆదాయపు పన్ను శాఖ ముందైనా జవాబు చెప్పవలసింది కార్యవర్గమే తప్ప జీతానికి పనిచేసే కార్యకర్త కాదు. ఇదివరకు సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఎ, దాతలకు మినహాయింపు ఇచ్చే 80జి నమోదులు ఒకసారి తీసుకుంటే సరిపోయేది. 2021 ఏప్రిల్ నుండి గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించుకోవలసి వస్తున్నది. 80జి ఉన్న సంస్థ విరాళాల వివరాలను ఏటా మే 31 లోగా దాఖలు చేయకపోతే ఆలస్య రుసుము రోజుకు 200 రూపాయలు. నేను లెక్కలు చూసే సంస్థల్లో ఈ తేదీ తెలిసిన కార్యవర్గ సభ్యుడు ఒక్కరు కూడా కనబడలేదు. పైగా పరిపాలన ఖర్చు 20 శాతం మించరాదన్న నిబంధన ఉంది గనుక, హైదరాబాద్ ప్రయాణం, బస ఖర్చులు ఏ పద్దులో చూపుతారో ముందే తేల్చుకోవడం మంచిది.

కాజీపేట జంక్షన్:
ఆరుగురిని హైదరాబాద్ పంపితే నలుగురు అక్కడే వేరే ఉద్యోగం చూసుకొని తిరిగి వస్తారు, రాజీనామా ఇవ్వడానికి.

ఏటూరునాగారం దారి:
పన్నెండేళ్లుగా క్షేత్రంలో పనిచేస్తున్నదాన్ని. 2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన తరువాత మేము ఆ ఊరికి వెళ్లాము. ఇంటింటి నష్టం ఎలా నమోదు చేయాలో, ఎవరికి ముందుగా సాయం అందాలో ఎలా నిర్ణయించాలో, రాత్రంతా కప్పు మీద గడిపిన పిల్లవాడితో ఏం మాట్లాడాలో మాలో ఒక్కరికీ ఎవరూ నేర్పలేదు. మూడు రోజులు మూడు రకాల జాబితాలు రాశాము, మూడింటిలోనూ కొన్ని పేర్లు రెండుసార్లు, కొన్ని పేర్లు అసలు లేకుండా వచ్చాయి. కార్యవర్గం నాలుగో రోజున వచ్చి దుప్పట్లు పంచి ఫోటోలు తీయించుకొని వెళ్లింది. శిక్షణ ఎవరికి కావాలో ఇంకా అడగవలసి రావడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

జమాఖర్చు:
మీ ఆవేదన అర్థమవుతున్నది గాని, 20 శాతం సంగతికి మీరు జవాబు ఇవ్వలేదు.

ఏటూరునాగారం దారి:
ఆ పరిమితి విదేశీ విరాళాలకు సంబంధించినది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి దానిని 50 నుండి 20 శాతానికి తగ్గించారు. ఇక్కడ దాత స్వదేశీ కంపెనీ అని మొదటి వాక్యాల్లోనే రాశారు.

జమాఖర్చు:
రేపు విదేశీ నిధులు రావన్న హామీ ఏమిటి? వచ్చినప్పుడు ఇదే అలవాటు కొనసాగితే ఎవరు బాధ్యులు? ఆ నియమాల్లో కార్యవర్గ సభ్యుల ప్రయాణ ఖర్చులు కూడా పరిపాలన ఖర్చు కిందికే వస్తాయని స్పష్టంగా ఉన్నది.

పరకాల పాఠకుడు:
అయ్యా, అలాగైతే మీ వాదన కార్యవర్గ శిక్షణకే అడ్డు వస్తున్నది, గమనించారా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
నా అనుభవం చెబుతాను. పదవీ విరమణ తరువాత ఒక సంస్థవారు ఇంటికి వచ్చి, "సార్, మీలాంటి పెద్దమనిషి పేరు ఉంటే మాకు గౌరవం" అని నన్ను కోశాధికారిని చేశారు. నాలుగేళ్లు వారు చూపిన చోటల్లా సంతకం పెట్టాను. విరాళాల వివరాలు సకాలంలో దాఖలు కాలేదని నోటీసు వచ్చిన రోజు, "కోశాధికారి మీరే కదా" అన్నారు. ముప్పయి రెండేళ్లు పిల్లల చేత లెక్కలు చేయించినవాడిని, ఆడిట్ నివేదికలో మిగులు ఎక్కడ చూడాలో తెలియక తలవంచుకొని కూర్చున్నాను. నాకు రెండు రోజుల తరగతి పెట్టి ఉంటే ఆ అవమానం తప్పేది.

ఏటూరునాగారం దారి:
సార్, మీరంటే గౌరవం ఉంది. కాని ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకూడదని తెలియడానికి తరగతి అవసరమా?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఖాళీ చెక్కు అన్న మాట నేను ఎక్కడా రాయలేదమ్మా. మీరు నన్ను దొంగగా చిత్రిస్తున్నారు.

ఏటూరునాగారం దారి:
దొంగ అని నేను అనలేదు. చదవకుండా పెట్టిన సంతకం ఎవరికి ఉపయోగపడిందో ఆలోచించమంటున్నాను. నా సంగతి కూడా వినండి. ఎనిమిదేళ్ల క్రితం నేను పనిచేసిన సంస్థ నన్ను అయిదు రోజుల శిక్షణకు పంపింది. పదిమంది లేదా అంతకన్న ఎక్కువ మంది పనిచేసే చోట, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతున్నదని అక్కడే తెలిసింది. తిరిగి వచ్చి, మన దగ్గర 16 మందిమి ఉన్నాము కదా, కమిటీ ఏదని సమావేశంలో అడిగాను. కార్యదర్శి నవ్వి, "ఇవన్నీ ఎవరు నేర్పారమ్మా నీకు" అన్నారు. తొమ్మిది మంది కార్యవర్గ సభ్యులూ తమ చాయ్ తాము తాగారు. మరుసటి ఏడాది శిక్షణ జాబితాలో నా పేరు లేదు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా ఇంట్లో గోడకు ఉంది.

జమాఖర్చు:
ఇది శిక్షణకు సంబంధించిన విషయం కాదు, ఆ సంస్థ అంతర్గత వివాదం. ప్రశ్నకు కట్టుబడి మాట్లాడితే బాగుంటుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
జమాఖర్చు గారూ, ఇదే విషయం. నేను కూడా ఒకసారి బ్యాంకు పుస్తకం చూపమని అడిగాను. "మా మీద నమ్మకం లేదా సార్" అన్నారు. మళ్లీ అడగలేదు. అమ్మా, మీ మాటకు నొచ్చుకున్నాను గాని, ఆ చాయ్ తాగిన తొమ్మిది మందిలో నాలాంటివారే ఉండి ఉంటారు.

హనుమకొండ వాసి:
చర్చ ఇంతదూరం వచ్చింది గనుక చెప్పక తప్పదు: మా సంస్థ కార్యదర్శిని నేనే. సంబంధం ఉందని మాత్రమే రాయడం పొరపాటు. ఈ సంస్థను నిలబెట్టడానికి జీతం లేకుండా పనిచేశాను, ఊళ్లో ఎకరం భూమి అమ్మాను. ఏడుగురు సంతకం పెడితేనే సంఘం నమోదవుతుంది గనుక తొలినాళ్లలో బంధువులను, స్నేహితులను బతిమాలి కార్యవర్గంలో చేర్చుకున్నాను. వారం రోజుల తరగతి విని వచ్చినవారు, ఇరవై ఏళ్లుగా మోస్తున్నవాడిని నేరస్థుడిలా నిలబెట్టి ప్రశ్నిస్తే ఎలా ఉంటుందో మీలో ఎవరైనా ఊహించారా? నా భయం డబ్బు వృథా అవుతుందని కాదు. శిక్షణ పొందినవారు ఎవరైనా సరే, ముందుగా అడిగేది నన్నే.

పరకాల పాఠకుడు:
నిజం చెప్పినందుకు సంతోషం. అయితే రెండు వాదనల్లోనూ మీరు ఎవరి పక్షం వహించారు?

హనుమకొండ వాసి:
ఎవరి పక్షమూ వహించలేదు. అందుకే సమావేశం తెగలేదు.

ఏటూరునాగారం దారి:
కార్యదర్శి గారూ, మీరు భూమి అమ్మిన మాట నేను కాదనడం లేదు. మా జీతాలు నాలుగు నెలలు ఆగినప్పుడు మేమూ బంగారం కుదువ పెట్టాము, అది ఏ నివేదికలోనూ లేదు. ఎవరు ఎక్కువ మోశారని లెక్క వేసుకుంటే ఈ రాత్రికి తెల్లవారదు. ఒక్కటి చెప్పండి: మీ సంస్థ నియమావళి ప్రతి ఎంతమంది దగ్గర ఉంది? కార్యదర్శి అధికారాలు ఎక్కడి వరకో, సమావేశానికి ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలో, పద్దులు ఎవరు చూడవచ్చో అందులోనే ఉంటుంది.

జమాఖర్చు:
ఇది మాత్రం సరైన ప్రశ్న.

హనుమకొండ వాసి:
ఒక్కటే ఉంది. మా ఇంట్లో బీరువాలో ఉంది.

కాజీపేట జంక్షన్:
ఇరవై మూడు ప్రతులకు జిరాక్స్ ఎంతవుతుందో రేపు స్టేషన్ దగ్గర అడిగి రాస్తాను. 2 లక్షలు కావు.