రీప్లేస్‌మెంట్ దొరికేదాకా డిపాజిట్ ఆపడం న్యాయమేనా?

లెస్టర్ విద్యార్థిని:
2023 సెప్టెంబరు ఇంటేక్‌లో ఎం.ఎస్సీ. చదవడానికి ఇంగ్లాండ్‌లోని లెస్టర్‌కు వచ్చాను. విమానం ఎక్కకముందే ఒక తెలుగు వాట్సాప్ గ్రూపులో గది మాట్లాడుకున్నాను. అయిదు గదుల ఇంటిని ఒక సీనియర్ తన ఒక్కరి పేరు మీద ఇళ్లు అద్దెకిచ్చే ఏజెన్సీ నుంచి తీసుకుని, ఒక గదిలో తానుంటూ, మిగిలిన నాలుగూ మాలాంటి వారికి ఇచ్చారు. అద్దె నెలకు 380 పౌండ్లు, డిపాజిట్ 400 పౌండ్లు. డిపాజిట్ నగదుగా ఇచ్చాను, రసీదు అడగలేదు. మార్చిలో వేరే ఊళ్లో ప్లేస్‌మెంట్ వచ్చింది. ఒక నెల ముందే చెప్పి, చివరి రోజు వరకు అద్దె కట్టి, గది శుభ్రం చేసి తాళంచెవి అప్పగించాను. డిపాజిట్ అడిగితే, నా బదులు వచ్చేవారిని నేనే వెతుక్కుని వారి దగ్గరే ఆ డబ్బు తీసుకోవాలన్నారు, మనవాళ్లందరిదీ ఇదే పద్ధతి అన్నారు. రెండు నెలలు గడిచాయి, ఎవరూ దొరకలేదు. ఈ పద్ధతి న్యాయమేనా?

బర్మింగ్‌హామ్ సీనియర్:
నేను కూడా ఇలాగే ఒక ఇల్లు తీసుకున్నవాణ్ణి కాబట్టి, అవతలి పక్షం ఎలా ఉంటుందో చెప్పడం అవసరమనిపిస్తోంది. మా ఇంటి అద్దె నెలకు 1,700 పౌండ్లు. ఏజెన్సీకి అయిదు వారాల అద్దె, అంటే దాదాపు 1,960 పౌండ్లు డిపాజిట్‌గా కట్టాను. అందులో 1,600 నలుగురు తలా 400 ఇచ్చినవి, 360 నావి. ఇల్లంతా ఖాళీ చేసేదాకా అందులో ఒక్క పౌండు కూడా బయటికి రాదు. మధ్యలో ఒకరు వెళ్లిపోతే వారికి ఇవ్వడానికి నా చేతిలో డబ్బెక్కడిది? పైగా ఖాళీ గది అద్దె కూడా నా మీదే పడుతుంది. కొత్త విద్యార్థులు దిగే సెప్టెంబరులో, జనవరిలో అయితే గది ఒక్క రోజులో నిండుతుంది. మార్చిలో ఎవరొస్తారు? గత ఏడాది రెండు నెలలు ఖాళీ గదికి నా జేబు నుంచి కట్టాను. సీనియర్లందరూ జూనియర్ల డబ్బు తినేవాళ్లన్నట్టు మాట్లాడటం బాధ కలిగిస్తోంది.

లండన్ ఉద్యోగిని:
మీ కష్టం నిజమే, కానీ అందులో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయి. ఖాళీ గది నష్టం ఎవరిదన్నది నోటీసు గురించి ముందు ఏం మాట్లాడుకున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. ఏడాదంతా ఉంటానని ఒప్పుకుని మధ్యలో వెళ్లిపోతే ఆ నష్టం అడగవచ్చు, ఒక నెల నోటీసు చాలని చెప్పి ఉంటే ఆ నెల తరువాతి ఖాళీ ఇంటిని నడిపేవారిదే. డిపాజిట్ మాత్రం గది పాడుచేసినా, అద్దె ఎగ్గొట్టినా కోసుకోవడానికి పెట్టుకున్న పూచీ. ఆ రెండూ జరగనప్పుడు, తీసుకున్నవారే తిరిగి ఇవ్వాలి, దాన్ని ఏజెన్సీకి కట్టేశామన్నది ఇచ్చినవారికి సంబంధం లేని విషయం.

ఒకరి డిపాజిట్ ఇంకొకరు తీర్చే ఈ గొలుసులో నేనూ చిక్కుకున్నాను. చదువుకునే రోజుల్లో ఒక గదికి వరుసలో మూడో మనిషిగా వెళ్లి, అంతకుముందున్న అమ్మాయికి 350 పౌండ్లు ఇచ్చాను. ఇల్లు ఖాళీ చేసిన రోజున, చిన్న మ్యాట్ కింద కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ బయటపడింది. అది ఎవరి హయాంలో పడిందో ఎవరికీ తెలియదు, నా 350 పౌండ్లు మాత్రం పోయాయి. గది చేతులు మారిన ప్రతిసారీ ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ కలిసి చూసి లెక్క తేల్చుకోకపోతే, పాత తప్పులన్నీ చివర ఉన్నవారి నెత్తిన పడతాయి.

ఇక చట్టం సంగతి. 2004 నాటి హౌసింగ్ చట్టం ప్రకారం, ఇంగ్లాండ్‌లో 2007 ఏప్రిల్ 6 నుంచి యజమాని వేరేచోట ఉండే ప్రైవేటు ఇంటిని అద్దెకు తీసుకున్న మామూలు కిరాయిదారు ఇచ్చే డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన పథకంలో పెట్టాలి, ఇప్పుడు అలా పెట్టడానికి గడువు 30 రోజులు. పెట్టకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకు చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. తగాదా వస్తే పథకం వారే ఫొటోలు, ఇన్వెంటరీ (ఇంట్లోని సామాను, వాటి స్థితి రాసుకున్న జాబితా), ఉత్తరాలు చూసి ఉచితంగా తీర్పు చెబుతారు, కోత సబబని నిరూపించాల్సిన భారం ఇల్లు ఇచ్చినవారిదే. అయితే ఈ రక్షణ ఏజెన్సీతో ఒప్పందం ఉన్న సీనియర్‌కు అందుతుంది. అదే ఇంట్లో ఆయనతో పాటు ఉంటూ ఆయన దగ్గర గది తీసుకున్న మీకు సాధారణంగా అందదు. మనవాళ్లలో చాలామందికి ఈ తేడా తెలియదు.

రక్షణ లేదన్నంత మాత్రాన బాకీ పోదు. ఇచ్చిన మాట కూడా ఒప్పందమే. వాట్సాప్ సందేశాలు, బ్యాంకులో నగదు తీసిన తేదీ, అద్దె బదిలీలు భద్రపరచండి. 14 రోజుల గడువు పెట్టి రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే 10,000 పౌండ్ల లోపు దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్ మార్గం ఉంది. ఉత్తరం రాయడానికి మీ స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రాన్ని అడగండి.

లెస్టర్ విద్యార్థిని:
"వెళ్లేటప్పుడు ఒక నెల ముందు చెబితే చాలు" అని ఆయన పంపిన సందేశం నా దగ్గర ఉంది. రీప్లేస్‌మెంట్ మాట అప్పుడు లేదు. కానీ నేను దిగిన మొదటి రోజు కోచ్ స్టేషన్‌కు వచ్చి నా పెట్టెలు మోసిన మనిషి ఆయన. అలాంటి వారి మీద దావా వేయాలంటే చేతులు రావడం లేదు.

లండన్ ఉద్యోగిని:
దావా దాకా వెళ్లాల్సిన పని రాకపోవచ్చు. ముందు ఆ సందేశాన్నే చూపించి, రెండు వాయిదాల్లో ఇవ్వమని అడగండి. ఆయన చేసిన సాయానికి మీరు కృతజ్ఞతగా ఉండటం వేరు, 400 పౌండ్లు వదులుకోవడం వేరు. ఇక్కడికి అప్పు చేసి వచ్చిన విద్యార్థికి అది ఒక నెల అద్దె కన్నా ఎక్కువ.

బర్మింగ్‌హామ్ సీనియర్:
ఆ సందేశం ఉంటే ఆయన ఇవ్వాల్సిందే, ఈ విషయంలో నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. మార్చి ఖాళీ నష్టం మొత్తం నా ఒక్కడిదే కావాలన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేను. అందుకే ఈ సెప్టెంబరు నుంచి మా ఇంటికి వచ్చేవారితో ఒక కాగితం రాసుకుంటాను: సెప్టెంబరు, జనవరి నెలల్లో వెళ్లేవారికి ఒక నెల నోటీసు, మిగతా నెలల్లో రెండు నెలలు, డిపాజిట్ బ్యాంకు ద్వారానే, వచ్చిన రోజున ఇద్దరం కలిసి గది ఫొటోలు, తాళంచెవి ఇచ్చిన 14 రోజుల్లో డబ్బు వాపసు. అందుకోసం ఒక గది డిపాజిట్ అంత మొత్తాన్ని ముందే పక్కన పెట్టుకుంటాను.