పర్లాకిమిడిలో అమ్మావాళ్ల దగ్గరున్న లాబ్రడార్‌ని ఎవరికైనా ఇవ్వాలి, ఎలాగో చెప్పండి

అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి (ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపు ఊరు), నేను జర్మనీ వచ్చి రెండు నెలలైంది. ఇంటి దగ్గర అమ్మా నాన్నా, మా రోజీ (లాబ్రడార్, ఆడది, నాలుగేళ్లు). నాన్నకి మోకాలి ఆపరేషన్ అయింది, అమ్మ బయటికి తిప్పుతుంటే మొన్న పిల్లిని చూసి లాగేసిందంట, అమ్మ రోడ్డు మీద పడిపోయి మోచెయ్యంతా గీరుకుపోయింది. ఇంక మావల్ల కాదురా అంటున్నారు. మన ఊరి గ్రూపులో ఫొటో పెట్టి "ఉచితంగా ఇస్తాం" అని రాసేద్దామా, లేకపోతే నేనే ఇక్కడికి తెచ్చేసుకోవచ్చా?

జవాబు

తెచ్చేసుకో తమ్ముడూ, మా ఆఫీసులో ఒకాయన పిల్లిని తెచ్చుకున్నాడు, ఫ్లైట్‌లో తెస్తారు కదా ఏటి కష్టం.

జవాబు

ఏటి కష్టమో నేను చెప్తాను ఉండండి. తమ్ముడూ, మాదీ కిమిడే, నాలుగేళ్ల కిందట అచ్చం నీలాగే వచ్చి మా టామీ గురించి కిందా మీదా పడ్డాను. ముందు తెచ్చుకోడం సంగతి. ఇండియా నుంచి యూరప్‌కి కుక్కని తేవాలంటే ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వెయ్యాలి, ఆ తరవాతే రేబిస్ టీకా, చిప్‌కి ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. టీకా వేసి కనీసం 30 రోజులాగి రక్తం తీసి యూరప్ వాళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌కి పంపాలి, అందులో రేబిస్‌ని ఎదిరించే యాంటీబాడీలు మిల్లీలీటరుకి 0.5 ఐయూ (అది వాటి కొలత) గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలి, వచ్చినా సరే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాల్సిందే. అంటే ఈ రోజు మొదలెట్టినా నాలుగు నెలలు. ఆపైన మన వైపు యానిమల్ క్వారంటైన్ ఆఫీసు నుంచి కుక్కకి హెల్త్ సర్టిఫికెట్, అది కిమిడిలోనో బరంపురంలోనో ఇవ్వరు, కలకత్తానో చెన్నయ్యో హైదరాబాదో పోవాలి. ఇంకొకటి, సొంత కుక్క కింద తేవాలంటే అది ప్రయాణం చేసిన అయిదు రోజుల లోపు నువ్వూ ప్రయాణం చెయ్యాలి, ముందైనా వెనకైనా. నువ్వు వచ్చేశావు కదా, మళ్లీ వెళ్లాలి.

ఇదంతా చేశావే అనుకో, ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, ఊరిని బట్టి కుక్కకి పన్ను కట్టాలి (నవ్వకు, నిజంగానే ఉంది), నువ్వు పొద్దున్న పోయి సాయంత్రం వస్తే అది రెండో అంతస్తులో ఒక్కతీ కూర్చుని ఏం చేస్తుంది చెప్పు. మన వాకిట్లో పెరిగిన కుక్క అది. నా మాట విను, అక్కడే మంచి ఇల్లు చూడు.

కానీ "ఉచితంగా ఇస్తాం" అని మాత్రం పెట్టకు బాబూ. ఆడ లాబ్రడార్, నాలుగేళ్లు, ఫ్రీ అంటే ముందు ఫోన్ చేసేది పిల్లలు పెట్టించి అమ్ముకునేవాడు. ఇచ్చే ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించెయ్, పోస్టులో ఆ ముక్క మొదటి లైన్లోనే రాయి, సగం ఫోన్లు రావు.

రెండోది, ఇల్లు చూడకుండా ఇవ్వకు. నేను చేసిన తప్పు అదే. పాతపట్నం వైపు ఒకాయన, మా చుట్టాలకి తెలిసినవాడే, మామిడితోట ఉందండి హాయిగా పరిగెడుతుంది అన్నాడు, మామిడితోట అనగానే నేను కరిగిపోయాను. టామీ ఏరు దాటి అవతలికి వెళ్లిన మూడు వారాలకి మా మావయ్య అటు పనిమీద వెళ్లి తొంగి చూస్తే మోటారు షెడ్డు పక్కన సైకిలు గొలుసుతో కట్టేసి ఉందంట, మెడ చుట్టూ పుండు, చెవుల్లోపల ఆముదం గింజలంత పిడుదులు. మావయ్య మాటామంతీ లేకుండా ఆటోలో ఎక్కించి తెచ్చేశాడు. తోట ఉందంటే తోటకి కాపలా కుక్క కావాలని అర్థం, ఇది నాకు అప్పుడు తట్టలేదు. మీ అమ్మగారు వెళ్లలేకపోతే ఎవర్నైనా పంపి వీడియో కాల్‌లో చూడు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది, కట్టేస్తారా, పగలు ఇంట్లో ఎవరుంటారు అని అడుగు. అడిగితే చిరాకుపడేవాళ్లకి ఇవ్వనక్కర్లేదు.

ఎవరూ దొరక్కపోతే ఎక్కడో గుడి దగ్గర వదిలేద్దామని చెప్పేవాళ్లుంటారు, మా నాన్నగారే అన్నారు. అది నేరమండీ, 1960 నాటి జంతుహింస చట్టంలోనే ఉంది, కాకపోతే మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు, అందుకే ఎవరికీ భయం లేదు. చట్టం సంగతి అలా ఉంచితే సోఫా మీద పెరిగిన కుక్కని ఆ వీధి కుక్కలు బతకనిస్తాయా.

మా టామీ చివరికి ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి చేరింది, ఒడియా వాళ్లు. మంచివాళ్లే, కానీ వారం రోజులు అది మాట వినలేదంట. ఎందుకంటే వాళ్లు రమ్మనడానికి "ఆ" అంటారు, మన ఇంట్లో "ఆ" అంటే సరేనని కదా, కాబట్టి వాళ్లు "ఆ ఆ" అని పిలిచినకొద్దీ ఇది ఉన్నచోటే కూర్చుని తోక ఊపేది. మాస్టారు ఫోన్ చేసి మీ కుక్కకి చెవుడా అమ్మా అన్నారు! అప్పుడు నేను ఒక కాయితం మీద రాయించి పంపాను, రా, కూర్చో, వద్దు, పెరుగన్నం, ఈ నాలుగు తెలుగు మాటలు ఒడియా లిపిలో. రెండు రోజుల్లో దారికొచ్చింది. మీ రోజీ వెళ్లేది ఒడియా ఇంటికైతే ఆ కాయితం మర్చిపోకు.

టీకాల పుస్తకం, ఏం తింటుంది, ఏం పడదు, ఉరుముకి ఎక్కడ దాక్కుంటుంది, అన్నీ చెప్పండి. తాడు లాగుతుందని కూడా చెప్పాలి, దాచొద్దు, ఇంట్లో ముసలివాళ్లుంటే మళ్లీ అదే కథ. ముందు రెండు వారాలు చూడండి, కుదరకపోతే మేమే తీసుకెళ్లిపోతాం అని మాట ఇవ్వండి, ఇచ్చి నిలబడండి.

జవాబు

అక్కా చాలా థాంక్స్. తోట అనగానే నాకూ బాగుందనిపించింది, నిన్ననే ఒకాయన అలాగే అడిగాడు, వద్దని చెప్పేశాను. మా వీధి చివర బ్యాంకులో చేసేవాళ్లు, ఇద్దరు పెద్ద పిల్లలున్నారు, వాళ్లింట్లో పోయినేడాది కుక్క ముసలిదై చనిపోయింది, వాళ్లు రోజూ సాయంత్రం రోజీని తిప్పుతామంటున్నారు, ఇచ్చెయ్యక్కర్లేదు ముందు అలవాటు పడనివ్వండి అంటున్నారు.

జవాబు

ఇంకేం కావాలి, నీ కుక్క నీ వీధిలోనే ఉంటుంది. తిప్పనీ నెల రోజులు. ఆ తరవాత ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి చూడండి, దానితోపాటు అది పడుకునే గుడ్డ కూడా పంపండి.

జవాబు

అమ్మకి చెప్పానక్కా. అది పడుకునేది అమ్మ పాత నేత చీర మీద. బాగా మాసిపోయింది, ఉతికి ఇస్తానంటోంది.

జవాబు

ఉతకొద్దని చెప్పు బాబూ.