ఆవుకి రోగం ఏటో తేలకుండా సూది వేయించొచ్చా?

తనయ ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంటి పాలకి ఒక జెర్సీ సంకరం ఆవు ఉంది, రెండో ఈత, ఈని నెలన్నర దాటింది. పూటకి నాలుగు లీటర్లిచ్చేది, ఇప్పుడు చెంబుడు రావడం గగనం. దాణా పెడితే మూతి తిప్పేస్తాది, ఎండుగడ్డి మాత్రం కాసింత నములుతాది. పేడ గట్టిగా పడతంది, కళ్ళ వెంట నీళ్ళు. ఊళ్ళో సూదులేసే ఆయన ఒక యాంటీబయాటిక్కూ ఒక నొప్పుల సూదీ వేశాడు, ఆ రాత్రి లేచి మేసింది, మర్నాడు మళ్ళీ మామూలే. ఇప్పుడాయన ఇది గోమార్ల (పిడుదుల) జ్వరమే, ఖరీదైన సూదొకటుంది తెప్పించి పొడిచేద్దాం అంటన్నాడు. మా బావగారేమో రక్తం చూపించకుండా ఇంకొక్క సూది పడ్డానికి వీల్లేదని కూర్చున్నారు. ఇంట్లో రెండు పార్టీలయిపోయాం. మీరేటంటారు?

గుణుపురం పెద్దరైతు:
వేయించెయ్ బాబూ. మన పల్లెల్లో పరీక్షలంటే ఎక్కడికెళ్తాం, ఎల్ఐ (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్, పశువుల్ని చూసే సర్కారు ఉద్యోగి) గారికి ఒక్కరికే చుట్టుపక్కల ఊళ్ళన్నీ, ఆయనొచ్చి రక్తం తీసి జిల్లా ఆస్పత్రికి పంపి ఆ కాయితం తిరిగొచ్చేసరికి ఆవుంటుందో లేదో. 2019లో ముద్ద చర్మం జబ్బు దేశంలో మొదట బయటపడింది మన ఒడిశాలోనే కదా, ఒంటినిండా బొడిపెలొస్తే అదేటో పేరు కూడా ఎవరికీ తెలీదు, అయినా జ్వరానికి జ్వరం మందు పుండ్లకి పుండ్ల మందు వేసుకుంటూ పోయాం, చాలావరకు బతికాయి. పేరు తెలిస్తేనే వైద్యం అంటే పల్లెల్లో పశువు మిగలదు.

రాయగడ కోడలు:
బాబాయ్ గారూ, అది వైరస్ జబ్బు, దానికి సూటి మందే లేదు కాబట్టి అలా నెట్టుకొచ్చాం. ఇక్కడ అలా కాదుగా, ఒక్కో జబ్బుకీ ఒక్కో మందు ఉంది. నాకైతే ఇది రక్తంలో చక్కెర తగ్గిపోయే కీటోసిస్‌లా అనిపిస్తోంది. ఈని కొద్దికాలమే అయింది, పాలు బాగా ఇచ్చే ఆవు, దాణా వదిలేసి గడ్డి మాత్రం తింటోంది, పేడ గట్టిపడింది, అచ్చం అవే లక్షణాలు. ఊపిరి దగ్గర గానీ పాలల్లో గానీ అదోరకం తియ్యటి వాసన వస్తోందేమో చూడండి. మా అత్తగారు ఇలాంటప్పుడు బెల్లం తాగించేవారు.

గరివిడి విద్యార్థి:
నేను గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, డాక్టర్‌ని ఇంకా కాదు, ఆ లెక్కలోనే తీసుకోండి. అక్కా, బెల్లం అంతగా పనిచెయ్యదండి, ఆవు పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులే దాన్ని పులియబెట్టేసుకుంటాయి, రక్తంలోకి చక్కెరగా చేరేది చాలా తక్కువ, అందుకే కీటోసిస్‌కి డాక్టర్లు డెక్స్‌ట్రోజ్ నరానికి ఎక్కిస్తారు. అన్నయ్యా, ముందు ఒక్క సంగతి చెప్పండి, జ్వరం ఉందా? చెవి పట్టుకుని చూడడం కాదు, థర్మామీటర్ వెనక పెట్టి చూసిన లెక్క కావాలి. ఆవుకి మామూలుగా 101.5 ఫారన్‌హీట్ అటూ ఇటూ ఉంటుంది. ఉత్త కీటోసిస్ అయితే జ్వరం రాదు. రెండోది, జబ్బకి ముందు మెడ మొదట్లో గడ్డలా ఏమైనా చేతికి తగులుతోందా? మూడోది, ఉచ్చ రంగు, కాఫీలా ఉందా?

కాశీనగర్ కుర్రోడు:
పక్కన ఎవరైనా ఇల్లు కడతన్నారా బ్రో? బైండింగ్ వైర్ ముక్క గడ్డిలో కలిసి మింగేసినా ఇలాగే మేత మానేస్తాది. మోచేతులు ఎడంగా పెట్టి నిలబడతాది, పల్లం దిగడానికి భయపడి మూలుగుతాది. అది గుండె దాకా గుచ్చుకుంటే గంగడోలు నీరు పడతాది, అప్పుడింక ఏ సూదీ పనిచెయ్యదు.

తనయ ఒడ్డు:
థర్మామీటర్ మెడికల్ షాపులో కొనుక్కొచ్చి పెట్టాం. సాయంత్రం 105 ఉంది. జబ్బ ముందు కుడిపక్క నిమ్మకాయంత గడ్డ తగిలింది, ఎడమపక్క చిన్నది. ఉచ్చ పసుపే, కాఫీ రంగు కాదు. తియ్యటి వాసనేం లేదు. మూలగడం లేదు, ఇళ్ళు కట్టేవాళ్ళూ లేరు. గోమార్లంటే చెవుల్లోనూ తోక కిందా ఉన్నాయి, వానాకాలం కదా.

గుణుపురం పెద్దరైతు:
ఇంకేటి మరి. ఆ సూదులాయన చెప్పిందే నిజమయింది.

తనయ ఒడ్డు వాళ్ళ బావ:
నేనే ఆ పట్టుబట్టిన బావని. ఆయన చెప్పింది నిజమవ్వొచ్చు, కాదనను. కానీ ఆయన మొదటి రోజు ఇది అజీర్తి అన్నాడు, రెండో రోజు జలుబన్నాడు, మూడో మాటకి గోమార్లన్నాడు. ఇలా ఒక్కో పేరు చెప్పుకుంటూ పోతే ఏదో ఒకటి తగలదేంటండీ. మొదట వేసిన నొప్పుల సూదికి జ్వరం దిగి ఆవు లేచి మేసిందంటే అది మందు పనిచేసినట్టు కాదు, రోగం కనపడకుండా దుప్పటి కప్పినట్టు. అన్నట్టు ఆ నొప్పుల మందు డైక్లోఫెనాక్ కాదు కదా అని సీసా అడిగి చూశాను, రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకి నిషేధించారు, ఇంకా మనుషుల సీసాలు తెచ్చి ఆవులకి పొడిచేవాళ్ళున్నారు. ఇది మెలాక్సికామ్, ఫరవాలేదు.

గరివిడి విద్యార్థి:
105 జ్వరం, ముందు గడ్డలు వాచడం, సంకరజాతి, గోమార్లు. థైలీరియా (ఆ సూదులాయన చెప్పిన గోమార్ల జ్వరం) అనుమానం గట్టిగానే ఉంది. కానీ బావగారు చెప్పే పాయింట్ వదిలెయ్యకండి. గోమార్ల వల్ల వచ్చేది ఒక్క జబ్బు కాదు. థైలీరియాకి బుపార్వాక్వోన్ (ఆ ఖరీదైన సూది), బెబీసియాకి డిమినాజీన్, అనాప్లాస్మాకి ఆక్సీటెట్రాసైక్లిన్. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు. పైగా జోరీగల వల్ల వచ్చే సర్రా అని వేరే ఉంది, అందులోనూ జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. మీరు ఖరీదైన సూది పొడిపించి అది సర్రా అయితే డబ్బూ పోయె, రోజులూ పోయె.

గుణుపురం పెద్దరైతు:
నాయనా, నువ్వు చెప్పింది పుస్తకం. థైలీరియాలో ఆలస్యం చేస్తే రక్తం విరిగిపోయి ఆవు తెల్లగా పాలిపోతాది, అప్పుడు నీ బుపార్వాక్వోన్ రెండు సీసాలు పోసినా లేవదు. ఆ సంగతి కూడా పుస్తకంలో ఉండాలి మరి.

గరివిడి విద్యార్థి:
ఉంది తాతగారూ, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే నేను ఆగమనట్లేదు. సూదికి ముందు చెవి కొనలో చిన్న గుచ్చు గుచ్చి ఒక్క చుక్క గాజుపలక మీద పల్చగా లాగి గాలికి ఆరబెట్టేసుకోమంటున్నాను, అంతే. తర్వాత డాక్టర్ వెయ్యమంటే ఆ సాయంత్రమే మందు వేయించుకోండి, పలక కాయితంలో చుట్టి పంపండి. మందు పడ్డాక తీస్తే రక్తంలో రోగం పురుగు కనపడక జీవితాంతం వాదించుకుంటూ కూర్చుంటారు.

పాతపట్నం వాడు:
ఇది బాగుంది. మన దగ్గర గొడవంతా సరిహద్దుది. ఆంధ్రాలో 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది, కానీ ఆ బండి ఆంధ్రా ఊళ్ళకే. జ్వరంతో ఉన్న ఆవుని ఆటో ఎక్కించి పాతపట్నం తేవడం ఎవరివల్లా కాదు. పలకైతే జేబులో పెట్టుకుని వచ్చేయొచ్చు, పర్లాకిమిడి నుంచి ఎంత దూరమని. రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూడ్డానికి గంట పట్టదు.

రాయగడ కోడలు:
చూసేవాళ్ళు సీట్లో ఉంటే 😀

కాశీనగర్ కుర్రోడు:
పలకలో ఏం కనపడకపోతే? లేనట్టేనా?

గరివిడి విద్యార్థి:
కాదు. రక్తంలో తక్కువగా ఉంటే పలకలో దొరక్కపోవచ్చు. వాచిన గడ్డలోంచి సూదితో కాస్త లాగి చూస్తే ఇంకా బాగా దొరుకుతుంది, అది డాక్టరే చెయ్యాలి. కనపడితే ఖాయం, కనపడకపోతే లక్షణాలు చూసి డాక్టర్ నిర్ణయం.

తనయ ఒడ్డు:
ఎల్ఐ గారు ఇందాకే వచ్చారు. పలక ఆయనే తీశారు, బావగారు పట్టుకుని బండెక్కారు. డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడి బుపార్వాక్వోన్ సూది వేసేశారు. 20 కిలోలకి 1 ఎమ్మెల్ లెక్కట, మా ఆవు మూడువందల యాభై కిలోలుంటుందని అంచనా వేసి పదిహేడున్నర, అదీ ఒక్కచోట పది ఎమ్మెల్ దాటకూడదని మెడలో రెండు చోట్ల. ఇంట్లో రెండు పార్టీలూ నెగ్గాయి అనుకుంటున్నారు.

గుణుపురం పెద్దరైతు:
నెగ్గింది సూదే. పలక మీ బావ సరదాకి.

తనయ ఒడ్డు వాళ్ళ బావ:
పలకలో ఎర్ర రక్తకణాల్లో చిన్నచిన్న చుక్కలు కనపడ్డాయట, థైలీరియానే అన్నారు. పెద్దాయన గారికి నమస్కారం 🙏 రేపు ఊళ్ళో ఇంకో ఆవు పడుకుంటే ఏ సూది కొనాలో మాకు తెలుసు, అది సరదాకి కాదు.

తనయ ఒడ్డు:
జ్వరం 102కి దిగింది. దూడ సంగతేటి? దానికీ అంటుకుంటాదా, ఆ పాలు మేం తాగొచ్చా?

గరివిడి విద్యార్థి:
ఈ జబ్బు మనుషులకి రాదు. కానీ వేసిన మందులు పాలల్లోకి దిగుతాయి, సీసా మీద ఎన్నాళ్ళు ఆపాలో రాసుంటుంది, అన్నాళ్ళూ పారబొయ్యండి. దూడకి పాలవల్ల రాదు, గోమారు కుడితేనే వస్తుంది, జ్వరం చూస్తూ ఉండండి. డెల్టామెత్రిన్ (గోమార్లని చంపే మందు) సీసా మీద రాసిన లెక్కన నీళ్ళల్లో కలిపి ఆవుకి రాసి, ఆరేదాకా నాకకుండా మూతికి బుట్ట కట్టండి. చిన్న దూడ కాబట్టి దానికెంత రాయాలో ఎల్ఐ గారినే అడగండి. శాల గోడల పగుళ్ళలో కూడా కొట్టించండి, ఈ జబ్బు తెచ్చే గోమార్లు ఆవు మీద లేనప్పుడు అక్కడే దాక్కుంటాయి. ఒట్టి ఆవుకి రాసి ఊరుకుంటే వచ్చే నెల మళ్ళీ ఇదే ప్రశ్న పెడతారు.