ఎనర్జీ లీడర్‌షిప్ అవార్డు: నామినేషన్ ఫారం మీద మీ అభిప్రాయాలు

కార్యదర్శి:
అందరికీ నమస్కారం. ఈసారి వార్షికోత్సవంలో కరెంటు, చమురు, గ్యాస్, సౌర, పవన, అణు రంగాల్లో పనిచేస్తూ మంచి నాయకత్వం చూపిన మన సభ్యుల్లో ఒకరికి అవార్డు ఇద్దామని కార్యవర్గం నిర్ణయించింది. ఫారం ముసాయిదా ఫోల్డర్లో పెట్టాను. పేరు, హోదా, ఎన్నేళ్ల అనుభవం, కింద ఎంతమంది పనిచేస్తారు, ఇదివరకు వచ్చిన అవార్డులు, ఒక ఫొటో. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, ఫారం బయటికి వెళ్లాక మార్చడం కుదరదు.

వేదిక బాధ్యుడు:
నాకు పది నిమిషాలు ఇస్తే చాలు. పిల్లల డ్యాన్సు అయిన వెంటనే మాత్రం పెట్టొద్దు. పిల్లలు స్టేజీ దిగగానే సగం హాలు లేచిపోతుంది.

జ్యూరీ సభ్యుడు, గ్రిడ్ కంట్రోల్ రూములో రిటైరైనవారు:
కార్యదర్శి గారూ, ఫారం చూశాను. దీన్ని నింపితే మనకు దొరికేది పెద్ద కంపెనీలో పెద్ద కుర్చీ. ఆ కుర్చీలో కూర్చుని ఆ మనిషి ఏం చేశారో ఒక్క గడిలోనూ అడగలేదు.

మా రంగంలో ఉన్న చిక్కు ఏమిటంటే, మంచి నిర్ణయం తీసుకుంటే బయటికి ఏమీ కనపడదు. జపాన్‌లో ఒనగావా అణు విద్యుత్ కేంద్రం కట్టేటప్పుడు తొహోకు ఎలక్ట్రిక్ సంస్థలో యానోసుకే హిరాయి అనే ఇంజనీరు సునామీకి అందనంత ఎత్తులో కట్టాలని పట్టుబట్టారు. చివరికి సముద్రమట్టానికి 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. ఆయన 1986లో పోయారు. 2011 మార్చి 11న దాదాపు 13 మీటర్ల సునామీ వచ్చింది. భూకంప కేంద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న అణు కేంద్రం అదే. అయినా మూడు రియాక్టర్లూ క్షేమంగా ఆగాయి. ఇళ్లు పోగొట్టుకున్న చుట్టుపక్కల జనం ఆ ప్లాంటు జిమ్‌లోనే తలదాచుకున్నారు. ఫుకుషిమా దాయిచిలోనేమో ఎత్తుగా ఉన్న గట్టును 10 మీటర్ల మట్టానికి తవ్వి మరీ కట్టారు. సునామీ నీళ్లు ముంచెత్తి అక్కడ రియాక్టర్లు కరిగిపోయిన సంగతి అందరికీ తెలుసు.

1985లో హిరాయి గారి పేరు ఈ ఫారంలో మన దగ్గరికి వచ్చి ఉంటే ఏమనుకునేవాళ్లం? ఊరికే ఖర్చు పెంచిన మనిషి అనేవాళ్లం. అందుకని హోదా, కింద ఎంతమంది అనే లెక్క తీసేసి ఇవి అడుగుదాం. మీరు తీసుకున్న ఒక్క నిర్ణయం చెప్పండి. దానికి ఎవరు అడ్డు చెప్పారు, వాళ్ల వాదనేమిటి? అది జరిగి ఎంతకాలమైంది, సరైనదేనని ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అడ్డు చెప్పినవాళ్ల వాదనను నిజాయితీగా రాయలేని నామినేషన్‌ను నేనైతే పక్కన పెట్టేస్తాను. కనీసం ఐదేళ్ల పాత నిర్ణయమే తీసుకుందాం. నిన్న మొదలుపెట్టిన ప్రాజెక్టుకు ఈరోజు సన్మానం చేస్తే మనం పొగిడేది దాని ప్రెస్‌నోట్‌ను.

యువ విభాగం:
అంకుల్, ఆ లెక్కన 2021 ఫిబ్రవరిలో విపరీతమైన చలికి ప్లాంట్లు ఆగినప్పుడు అమెరికాలోని టెక్సాస్ గ్రిడ్ కంట్రోల్ రూములో ఉన్నవాళ్లు గెలుస్తారా? కరెంటు తీసేసి గ్రిడ్‌ను కాపాడారని చదివాను.

జ్యూరీ సభ్యుడు:
మంచి ప్రశ్న అడిగావు బాబూ. ఆ రాత్రి 60 హెర్ట్జ్ ఉండాల్సిన కరెంటు ఫ్రీక్వెన్సీ 59.4 కిందికి జారి నాలుగు నిమిషాలకు పైగా అక్కడే ఉంది. తొమ్మిది నిమిషాలు అలాగే ఉంటే జనరేటర్లు వాటంతటవే గ్రిడ్ నుంచి విడిపోతాయి. అప్పుడు మొత్తం కుప్పకూలుతుంది, మళ్లీ లేపడానికి వారాలు పట్టొచ్చు. వాళ్లు లోడ్ షెడ్డింగ్ చేసి, అంటే కొన్ని ప్రాంతాలకు కరెంటు ఆపి, గ్రిడ్‌ను నిలబెట్టారు. అలాంటి కుర్చీలో కూర్చున్నవాడిగా చెప్తున్నాను, లక్షల ఇళ్లు చీకటి చేయమని ఫోన్‌లో చెప్పడం తేలిక కాదు.

కానీ ఆ చలికి 200 మందికి పైగా చనిపోయారు కదా. 2011 ఫిబ్రవరిలోనూ అక్కడ ఇలాంటి చలికే ప్లాంట్లు ఆగాయి. పరికరాలను చలికి సిద్ధం చేసుకోమని అమెరికా కేంద్ర ప్రభుత్వ సంస్థల నివేదిక అప్పుడే చెప్పింది. మధ్యలో పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో పైవాళ్లతో పోట్లాడి తన ప్లాంటు వరకైనా ఆ పని చేయించిన మేనేజర్ ఎవరైనా ఉంటే నా ఓటు వాళ్లకే. ఆపరేటర్లకు వేరే గుర్తింపు ఇద్దాం, నాకేం అభ్యంతరం లేదు.

ఆఫ్‌షోర్ సేఫ్టీలో (సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల భద్రత) పనిచేసే వాలంటీరు:
అన్నయ్యగారి ప్రశ్నలకు ఇంకోటి కలపండి. వీరి కింద పనిచేసే చిన్న ఉద్యోగి ఎవరైనా "ఇది ప్రమాదం, ఆపండి" అని పని ఆపించిన సందర్భం ఉందా, అప్పుడు వీరేం చేశారు? 1988 జులై 6న నార్త్ సీలో చమురు, గ్యాస్ తీసే పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం కాలిపోయి 167 మంది పోయారు. దానితో పైపులైన్ల ద్వారా కలిసి ఉన్న టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫారాలు పంపింగ్ వెంటనే ఆపలేదు, మంటలకు ఇంధనం అందుతూనే ఉంది. ఆపే అధికారం తమకు ఉందని అక్కడివాళ్లు అనుకోలేదు. అక్కడ తగలబెట్టింది సగం గ్యాస్, సగం భయం. ఆ ప్రమాదం మీద జరిగిన కుల్లెన్ విచారణ ఇచ్చిన 106 సిఫార్సుల్లో మేనేజ్‌మెంటు గురించే బోలెడుంది. కాబట్టి రెండు రిఫరెన్సుల్లో ఒకటి పైఅధికారిది కాకుండా కింద పనిచేసినవాళ్లది కావాలి. ఆ ఫోన్ కాల్స్ నేను చేస్తాను.

కోశాధికారి:
అన్నీ బాగున్నాయి గానీ డబ్బు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. గతంలో మనకు స్పాన్సర్‌షిప్ ఇచ్చిన ఓ కంపెనీ వాళ్లు తమ డైరెక్టర్ పేరు ఇప్పటికే మాటవరసకు చెప్పారు. వాళ్లకు ఏం జవాబివ్వను?

జ్యూరీ సభ్యుడు:
ఫారం పంపమని చెప్పండి, అంతే. జ్యూరీ తన నిర్ణయం కవరులో పెట్టి సీలు వేశాకే స్పాన్సర్లతో మాట్లాడదాం. నామినీ కంపెనీలో పనిచేసే జ్యూరీ సభ్యులు ఆ పేరు చర్చకు వచ్చినప్పుడు బయటికి వెళ్లాలి. నా పాత సహోద్యోగి పేరు వస్తే నేనూ వెళ్తాను.

కోశాధికారి:
అలా చేస్తే ఆ డబ్బు చేజారొచ్చని ముందే చెప్తున్నాను.

అధ్యక్షురాలు:
జారితే జారనివ్వండి. స్టేజీ మీద లైట్లు తగ్గించుకుందాం.

మిగతావి చెప్తాను. విజేతను ప్రకటించే ముందు వాళ్ల సంస్థలో నియమాల అమలు చూసే కంప్లయన్స్ విభాగం అనుమతి తీసుకోమందాం. చాలా కంపెనీల్లో బహుమతులకు నియమాలుంటాయి, ప్రభుత్వ నియంత్రణ సంస్థల్లో ఇంకా గట్టిగా ఉంటాయి. అందుకే నగదు వద్దు, జ్ఞాపిక, ప్రశంసాపత్రం చాలు. కంపెనీ లోపలి లెక్కలు స్టేజీ మీద చదవకూడదు, షేర్ మార్కెట్లో ఉన్న సంస్థ అయితే చిక్కులొస్తాయి. మరణానంతర అవార్డు వద్దు. నోబెల్ వాళ్లు కూడా 1974 నుంచి, విజేతను ప్రకటించాక మరణిస్తే తప్ప ఇవ్వడం లేదు. హిరాయి గారి సంగతి విన్నాక ఇలా అనడం కష్టంగానే ఉంది, కానీ మనకు కావలసింది ఇప్పుడు పనిలో ఉన్నవాళ్లు. అవార్డుకు నార్ల తాతారావు గారి పేరు పెట్టాలని ఇద్దరు మెయిల్ చేశారు. విజయవాడ థర్మల్ కేంద్రానికి ఉన్న పేరే ఆయనది, నాకూ ఇష్టమే. కుటుంబ సభ్యులను అడగకుండా పెట్టలేం కాబట్టి ఈ ఏడాది పేరు లేకుండానే సాగిద్దాం.

కార్యదర్శి:
కొత్త ఫారం పెట్టాను. హోదా గడి తీసేశాను, ఫొటో గడి ఉంచాను, బ్యానర్‌కు కావాలి. జ్యూరీలో ఇంకా రెండు ఖాళీలున్నాయి. ఎనర్జీ రంగం బయటివాళ్లు ఒకరు, సౌర లేదా పవన రంగం నుంచి ఒకరు కావాలి. ఇప్పుడున్న ముగ్గురూ చమురు, గ్రిడ్ వాళ్లే. ఆసక్తి ఉన్నవాళ్లు నాకు విడిగా మెసేజ్ చేయండి.