అప్‌డేట్: ఈరీ కాలువలో పడవలు గట్టు ఎలా ఎక్కాయో చూసొచ్చాను

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ నదినీ ఈరీ సరస్సునీ కలిపేదే ఈరీ కాలువ. నది కంటే దాదాపు 570 అడుగుల ఎత్తున ఉన్న ఆ సరస్సుకి 1825లోనే, పంపులూ మోటార్లూ లేకుండా, పడవలు ఎలా ఎక్కాయని పోయిన నెల అడిగాను కదా. "మన గోదావరి కాలువల మీద లాకులు చూడలేదా?" అని ఒకరు జవాబిచ్చారు. సిగ్గేసింది, మాది ఆ జిల్లాయే మరి. లాకంటే కాలువలో రెండు చివరలా తలుపులున్న నీటి తొట్టి.

మొన్న అమ్మానాన్నలకి నయాగరా చూపించి, పక్కనే ఉన్న లాక్‌పోర్ట్‌కి తీసుకెళ్ళాను. అక్కడ కొండగట్టు ఎక్కడానికి వరసగా ఐదు లాకులు, మెట్లలాగా. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, పైనుంచి నీళ్ళు వదులుతారు. నీటితో పాటు పడవా లేస్తుంది. పని చేసేదంతా పల్లానికి పారే నీరే! లాకుల మధ్య పడవని కాలువ ఒడ్డున నడిచే గుర్రాలో కంచరగాడిదలో తాడుతో లాగేవి. నాన్న ఆ తలుపుల దగ్గర్నుంచి కదల్లేదు. అమ్మకి మాత్రం ఎండ.

నాకు నమ్మబుద్ధి కానిది ఇంకోటి. 363 మైళ్ళ కాలువ, 83 లాకులు, లోతు మాత్రం నాలుగడుగులే! 1817లో మొదలుపెట్టినప్పుడు ముఖ్య ఇంజనీర్లు బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డెస్ ఇద్దరూ కాలేజీలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కారు, భూమి సర్వే చేసేవాళ్ళు. కాలువ వచ్చాక ఈరీ సరస్సు ఒడ్డునున్న బఫెలో ఊరి నుంచి న్యూయార్క్‌కి టన్నుకి వంద డాలర్ల రవాణా ఖర్చు పదికి దగ్గరగా పడిపోయింది.

లాకుల సంగతి చెప్పినాయనకి థ్యాంక్స్.