పాత జీప్ పికప్ స్టీరింగ్: ఏ బాక్సో గుర్తుపట్టాలి, మళ్ళీ కట్టాలి, సలహా కావాలి

పికప్_అల్వాల్:
అందరికీ నమస్తే. మా పెదనాన్న వాడిన పాత మహీంద్రా జీప్ పికప్ రీస్టోర్ చేస్తున్న. ఎత్తు బానెట్, సీజే-3బీ (విల్లీస్ జీప్ మోడల్) ముఖం, పెట్రోల్ హరికేన్ ఇంజనే ఉంది, వెనక డాలా మాత్రం ఎవరో తర్వాత కట్టించిన్రు. ఇంజన్ పని అయిపోయింది, ఇప్పుడు స్టీరింగ్ దగ్గర ఆగిన. స్టీరింగ్ వీల్ చాలాసేపు ఖాళీగా తిరిగినంక గానీ చక్రం కదలదు, జర స్పీడ్ అందుకుంటే ముందు చక్రాలు కొట్టుకుంటున్నయ్. స్టీరింగ్ బాక్స్ (వీల్ తిప్పితే చక్రాలకి పంపే గేర్ డబ్బా) మీద నంబర్ అరిగిపోయింది. పుత్లీబౌలిలో ఒకాయన ఇది తర్వాత మోడల్ బాక్స్ అంటడు, ఇంకొకాయన తీసి పడేసి పవర్ స్టీరింగ్ ఎక్కించమంటడు. నాకు అసలుదే కావాలి, ఆ బండి మీద అంత ప్రేమ. ఇది ఏ బాక్సో ఎట్ల తెలుస్తది? లేత్ మీద బుష్ మారిస్తే సరిపోతదా, లేక మొత్తం బాక్స్ మార్చాలా?

విల్లీస్_తార్నాక:
బాక్స్ మీద చెయ్యి వేసే ముందు ఒక పని చేయండి. బండి నేల మీదే ఉంచి, ఒకరిని లోపల కూర్చోబెట్టి వీల్‌ని కొంచెం అటూ ఇటూ ఆడించమనండి, మీరు కింద పడుకుని ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టి చూడండి. వీల్ కదిలి డ్రాప్ ఆర్మ్ (బాక్స్ షాఫ్ట్ కొసనున్న చేయి) కదలకపోతే లోపం బాక్స్‌లో. డ్రాప్ ఆర్మ్ కదిలి బెల్ క్రాంక్ కదలకపోతే డ్రాగ్ లింక్‌లో, అంటే ఆ రెండింటినీ కలిపే రాడ్‌లో. బెల్ క్రాంక్ తిరగకుండా పైకీ కిందకీ ఊగుతుంటే దాని షాఫ్ట్, బేరింగులు పోయినట్టే. ఈ బండ్లలో సగం ప్లే (వదులు) ఆ బెల్ క్రాంక్ దగ్గరే ఉంటుందండి, ముందు క్రాస్ మెంబర్ మీద మధ్యలో ఉంటుంది, దాని నుంచే రెండు టై రాడ్లు చెరో చక్రానికి పోతాయి, అదొక్కటి అరిగితే రెండు చక్రాలూ దేని దారిన అవి పోతాయి. అయినా అందరూ బాక్స్‌నే తిడతారు.

ఇక గుర్తుపట్టడం. డ్రాప్ ఆర్మ్‌కి అవతలి వైపున్న సైడ్ కవర్ విప్పండి, దాని మధ్యలో లాక్ నట్‌తో ఒక స్క్రూ ఉంటుంది. లోపల రెండు కోన్ ఆకారం పిన్నులున్న లివర్, ఆ పిన్నులు కామ్ (వీల్ షాఫ్ట్ కొసన మర లాంటి గాడి ఉన్న ముక్క) గాడిలో నడుస్తుంటే అది రాస్ కామ్ అండ్ లివర్, విల్లీస్ కాలం నాటి అసలు బాక్స్. పళ్ళున్న సెక్టార్, దానికి ఎదురుగా బాల్ నట్ (లోపల గుండ్లు తిరిగే నట్) కనపడితే రీసర్క్యులేటింగ్ బాల్ రకం, ఎవరో తర్వాత వేసిందని అర్థం. అమెరికాలో కూడా సీజే జీపులకి ఆ రకం 1972లోనే వచ్చింది. అమెరికా నుంచి బాక్స్ తెప్పించాలనుకుంటే జాగ్రత్త, అక్కడివి ఎక్కువగా ఎడమ చేతి స్టీరింగువి, మన కుడి వైపు ఛాసిస్‌కి కుదరవు.

లేత్_బాలానగర్:
పై సార్ చెప్పింది కరెక్ట్. నాది మెషీన్ పని, జీప్ పార్టులు వస్తూనే ఉంటయ్. సెక్టార్ షాఫ్ట్ (పిన్నుల లివర్ ఉన్న షాఫ్ట్, లివర్ షాఫ్ట్ అన్నా అదే) బుష్‌లు కొత్తవి కొట్టి, షాఫ్ట్ కొలిచి రంధ్రం ఆ సైజుకి రీమ్ చేస్తే మంచిగనే ఉంటది, కానీ షాఫ్టే అరిగి ఉంటే కొత్త బుష్ వేసినా కొద్దిరోజులకే మళ్ళ ఆయిల్ కారుతది. పిన్నులు చదునుగా అరిగినా, కామ్ గాడిలో మధ్యన పైపొర లేచినా ఆ పార్ట్ మార్చుడే. కొందరు పిన్నుల మీద వెల్డింగ్ నింపి గ్రైండ్ చేసి ఇస్తరు, దయచేసి ఆ పని చేయించకండి. డ్రాప్ ఆర్మ్, నకిల్ ఆర్మ్ (చక్రాన్ని తిప్పే చేయి), బెల్ క్రాంక్ వీటికి వెల్డింగే వద్దు, రోడ్డు మీద విరిగితే స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి మన మాట వినదు. పగుళ్ళు కంటికి కనపడవు, డై పెనెట్రెంట్ (పగుళ్ళలోకి దిగే రంగు) కొట్టి చూడాలె. డ్రాప్ ఆర్మ్‌ని పుల్లర్‌తోనే తీయండి, సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా షాఫ్ట్‌కీ పిన్నులకీ పోతది. తీసే ముందు ఆర్మ్ మీద, షాఫ్ట్ మీద గుర్తు గీసుకోండి. బేరింగులు, సీళ్ళకి రాణిగంజ్ పోండి, పాతది చేతిలో పట్టుకుని పోతే కొలిచి ఇస్తరు.

పికప్_అల్వాల్:
చాలా థాంక్స్ అన్నా, సార్. మా తమ్ముడిని కూర్చోబెట్టి చూసిన, బెల్ క్రాంక్ చేత్తోనే ఊగుతుంది, డ్రాగ్ లింక్‌లో స్ప్రింగ్ ఒకటి విరిగింది. బాక్స్ రాస్‌దే, పిన్నులు ఒక వైపు చదునుగున్నయ్, కామ్ మాత్రం మెరుస్తున్నది. లివర్ షాఫ్ట్ దొరికితే మారుస్త. కట్టేటప్పుడు సెట్టింగ్ వరుస ఏంది? లోపల గ్రీజు నింపాలంటున్నరు, నిజమా?

విల్లీస్_తార్నాక:
గ్రీజు వద్దండి, పిన్నులు గాడిలోంచి దాన్ని పక్కకి నెట్టేస్తాయి, మళ్ళీ లోపలికి రాదు, పిన్నులు ఎండిపోతాయి. చిక్కటి గేర్ ఆయిలే పోయాలి. సీల్ కారుతోందని గ్రీజు కుక్కే అలవాటు వల్లే ఇన్ని బాక్సులు పాడయ్యాయి.

సెట్టింగ్‌కి డ్రాగ్ లింక్ విప్పేసి మొదలుపెట్టండి. ముందు కామ్ ప్లే చూడాలి, పై కవర్ కింద పల్చటి షిమ్ములు (రేకు ముక్కలు) ఉంటాయి, ఒక్కోటీ తీస్తూ పోతే ప్లే తగ్గుతుంది. వీల్ స్వేచ్ఛగా తిరుగుతూ, పైకీ కిందకీ కదలకపోతే చాలు. ఆ తర్వాత సైడ్ కవర్ స్క్రూ, అదీ వీల్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడే, ఎందుకంటే కామ్ మధ్యలో గాడి కావాలనే బిగువుగా కోశారు. మధ్య దాటేటప్పుడు చేతికి కొంచెం బరువు తెలియాలి, రెండు కొసల్లో వదులుగా పోవాలి. డ్రాగ్ లింక్ ప్లగ్గులు బాల్‌కి గట్టిగా ఆనేదాకా బిగించి, బెల్ క్రాంక్ వైపుది అర చుట్టు, డ్రాప్ ఆర్మ్ వైపుది ఒక చుట్టు వెనక్కి తిప్పి కొత్త స్ప్లిట్ పిన్ వేయండి.

చక్రాలు కొట్టుకోవడం ఇంకా ఉంటే నకిల్‌లోని కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) బేరింగులు చూడాలి, పైనా కిందా క్యాప్‌ల దగ్గర షిమ్ములతో బిగువు వస్తుంది. టో-ఇన్ (చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగి ఉండే కొలత) 3/64 నుంచి 3/32 అంగుళం లోపు పెట్టండి, టై రాడ్ మర ఒక కొస కుడి, ఒక కొస ఎడమ, ట్యూబ్ తిప్పితేనే మారుతుంది. క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలే కోణం) 3 డిగ్రీలు అసలు లెక్క, స్ప్రింగులు కుంగితే అది కూడా పోతుంది కాబట్టి ఆకులు చూసుకోండి.

పవర్ స్టీరింగ్ మాటకి వస్తే, 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న బండ్లకే వింటేజ్ రిజిస్ట్రేషన్, వీఏ సిరీస్ నంబర్. ఆ దారిలో వెళ్ళే ఆలోచన ఉంటే రాస్ బాక్స్‌నే ఉంచండి, లివర్ షాఫ్ట్ దొరికాక కొలతలు ఇక్కడ పెట్టండి.