కౌంటర్లో తప్పు చెప్పి పంపేస్తే పరిహారం వస్తుందా? (బెంగళూరు)

ప్రశ్న: అర్హత ఉన్న 66 ఏళ్ల పెద్దావిడకు సంధ్యా సురక్ష (కర్ణాటక ప్రభుత్వ వృద్ధాప్య) పింఛను రాదని కౌంటర్లో నోటిమాటగా చెప్పారు. ఏడాది పోయింది. నష్టపరిహారం అడగొచ్చా?

జవాబు: నోటిమాట మీద కష్టమండీ. అర్జీయే లేదు, తిరస్కరించినట్టు రుజువేదీ? ఈరోజే అర్జీ పెట్టించి సకాల (ప్రభుత్వ సేవలు గడువులోగా అందించాలనే కర్ణాటక చట్టం) రసీదు తీసుకోండి. దానిమీది జీఎస్సీ నంబరు (అర్జీ గుర్తింపు సంఖ్య) జాగ్రత్త. మళ్లీ "రాదు" అంటే కారణం రాసిమ్మనండి.

జవాబు: 2011 సకాల చట్టం పరిహారం జాప్యానికే, తప్పు సలహాకు కాదు. రోజుకు 20 రూపాయలు, గరిష్ఠం 500. చాలా తక్కువ, పెద్దవాళ్లకు అన్యాయమే. కానీ అది అధికారి జీతంలోంచి పోతుంది కాబట్టి ఫైలు కదులుతుంది.

జవాబు: అర్హత నిబంధనల నకలు సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. కర్ణాటకలో ఒక అర్జీకి ఒకే విషయం, 150 పదాల లోపు. రెండు విషయాలు కలిపితే మొదటిదానికే జవాబిచ్చి, రెండోదానికి వేరే అర్జీ పెట్టమనొచ్చు.